కొత్తగా చేరిన టీచరు వృత్తి పరిచయాలను ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు క్లుప్తంగా చెబుతాను. మీది ఖమ్మం. బీఎడ్ పూర్తిచేసి, ఈ జూన్‌లో హైదరాబాదు కూకట్‌పల్లిలోని ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పడానికి చేరారు. అక్కడ ఆ సబ్జెక్టు చెప్పేవారు మీరొక్కరే. నగరంలో మీకు తెలిసిన టీచర్లు ఎవరూ లేరు. లింక్డ్‌ఇన్‌లో ఖాతా తెరవమని ఒకరు, దొరికిన ప్రతి వాట్సాప్ గ్రూపులో చేరమని మరొకరు సలహా ఇచ్చారు. కొత్తవారితో చొరవగా మాట్లాడే స్వభావం మీది కాదు. ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాలా, నేరుగా వెళ్లి కలవాలా అని అడిగారు.

మీ సబ్జెక్టును మీ తరగతులకే చెప్పే నలుగురైదుగురిని ముందుగా నేరుగా కలవండి, ఆ తరువాత ఆ పరిచయాన్ని నిలుపుకోవడానికి ఫోన్‌ను వాడండి. మొదటి ఏడాదికి ఇది చాలు. ప్రతి పరిచయాన్నీ మీ తరగతి గదిలో ఎదురైన ఒక నిర్దిష్టమైన సమస్యతో మొదలుపెట్టండి. చొరవ తక్కువ ఉన్నవారికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు, ఎందుకంటే ఇందులో మీ గురించి మీరు చెప్పుకోవలసింది ఏమీ లేదు, పాఠం గురించి మాట్లాడితే సరిపోతుంది.

నేను మొదట ప్రైవేటు పాఠశాలల్లోను, తరువాత ప్రభుత్వ ఉన్నత పాఠశాలలోను జీవశాస్త్రమే చెబుతూ వచ్చాను. ఈ రెండు చోట్లా నాకు పనికివచ్చిన పరిచయాలన్నీ ఏదో ఒక పాఠం దగ్గర మొదలైనవే. అందువల్ల మొదట, అడగడం ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను.

ఒక సీనియర్ టీచరుకు, "మేడమ్, కిరణజన్య సంయోగక్రియను బాగా చెప్పాలంటే ఏం చేయాలి?" అని సందేశం పంపితే, ఆమె ఎంత మంచి మనసున్నవారైనా జవాబు రావడం కష్టం. ఆ ప్రశ్నకు జవాబు ఒక పుస్తకమంత ఉంటుంది, పైగా మీరు ఏ తరగతికి చెబుతున్నారో, ఎక్కడ ఆగిపోయారో ఆమెకు తెలియదు. అదే ప్రశ్నను ఇలా అడిగి చూడండి: "ఆకులో పిండి పదార్థం ఉందో లేదో చూసే ప్రయోగం మొదటి పీరియడ్‌లో చేశాను. ఆకును ముందు వేడినీళ్లలో, తరువాత నీళ్ల గిన్నెలో పెట్టిన స్పిరిట్‌లో మరిగించి, పత్రహరితం పోయాక అయోడిన్ వేశాను. నీలి నలుపు రంగు రాలేదు. ఎక్కడ పొరపాటు జరిగి ఉంటుంది?" దీనికి అనుభవమున్న టీచరు రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలరు. ఆకులో పగలు చేరిన పిండి పదార్థాన్ని మొక్క రాత్రంతా వాడుకుంటుంది కాబట్టి ఉదయాన్నే కోసిన ఆకులో అది చాలా తక్కువగా ఉంటుంది, ఎండ బాగా తగిలిన తరువాత మధ్యాహ్నం కోసి చూడండి అంటారు. అయోడిన్ సీసా ఎన్నాళ్ల క్రితం తెరిచినదని అడుగుతారు. ఉల్లి ఆకు తీసుకోలేదు కదా, అది ఆకుల్లో పిండి పదార్థాన్ని నిల్వ చేసుకోదు అని గుర్తుచేస్తారు. స్పిరిట్‌ను నేరుగా మంటమీద పెట్టనందుకు మెచ్చుకుంటారు కూడా.

ఈ రెండో ప్రశ్నలో, మీరు ప్రయోగం చేసి చూసిన మనిషి అన్న సంగతి ఎదుటివారికి తెలిసిపోతుంది. పని చేసేవారిని పని చేసేవారు త్వరగా గుర్తుపడతారు. మరుసటి వారం మీరు, "మధ్యాహ్నం కోసిన మందార ఆకుతో చేశాను, రంగు వచ్చింది, ఫొటో పంపుతున్నాను" అని రాస్తే ఆ పరిచయం నిలబడినట్టే. సలహా అడిగిన తరువాత ఫలితం ఏమైందో తప్పకుండా తెలియజేయండి. చాలామంది అడుగుతారు, జవాబు అందాక మాయమైపోతారు. మళ్లీ అడిగితే ఎదుటివారికి ఉత్సాహం ఉండదు.

ఇక ఎవరిని కలవాలి అన్న మాటకు వద్దాం. మీ స్టాఫ్ రూమ్‌నే మొదటి మెట్టుగా చూడండి. జీవశాస్త్రం చెప్పేవారు మీరొక్కరే అయినా, భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పేవారు ఉన్నారు. ప్రయోగశాల, స్పిరిట్, గాజు సామాను వారి చేతుల్లోనే ఉంటాయి. మీరు చెప్పే పిల్లలకే తెలుగు, లెక్కలు చెప్పేవారూ ఉన్నారు. ఎనిమిదో తరగతిలో ఫలానా అబ్బాయి వాక్యం రాయలేకపోవడం జీవశాస్త్రం రాకపోవడం వల్లా, చదవడం రాకపోవడం వల్లా అన్నది మీకు తెలుగు టీచరే చెప్పగలరు. లీజర్ పీరియడ్‌లో, ఆమె ఒప్పుకుంటే, ఒకసారి ఆమె తరగతిలో వెనుక బెంచీమీద కూర్చుని పాఠం వినండి. నేను కొత్తలో ఒక లెక్కల మాస్టారి తరగతిలో అలా కూర్చున్నాను. పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు ఆయన వెంటనే సరిదిద్దకుండా, "అది ఎలా వచ్చింది, బోర్డు మీద చేసి చూపించు" అనేవారు. ఈనాటికీ నేను అదే పద్ధతి వాడుతున్నాను.

రెండో వలయం మీ బీఎడ్ సహాధ్యాయులు. వారిని పరిచయాలుగా లెక్కపెట్టే అలవాటు మనకు లేదు, స్నేహితులుగా మాత్రమే చూస్తాం. తెలంగాణలో 2024లో 11,062 ప్రభుత్వ టీచరు పోస్టులకు డీఎస్సీ నియామక పరీక్ష జరిగింది, ఆ ఏడాది అక్టోబరులోనే నియామక పత్రాలు కూడా ఇచ్చారు. మీ బ్యాచ్‌లోనో, మీ ముందు బ్యాచ్‌లోనో కొందరు ఈనాడు ఏదో ఒక జిల్లాలో మీ సబ్జెక్టే చెబుతూ ఉండవచ్చు. మీలాగే వారూ కొత్తవారే కాబట్టి వారితో మాట్లాడడానికి సంకోచం అవసరం లేదు. ఒకే పాఠానికి ఇద్దరూ పాఠ్యపథకం రాసుకుని మార్చుకుని చూడండి.

మూడోది, నగరంలోని బయటి చోట్లు. ఇక్కడ హైదరాబాదులో ఉండడం, అందులోనూ విజ్ఞానశాస్త్రం చెప్పడం మీకు పెద్ద అదృష్టం. హబ్సిగూడలో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఆదర్శ్ నగర్ దగ్గర బిర్లా సైన్స్ సెంటర్ ఉంది. సీసీఎంబీ లాంటి సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) ప్రయోగశాలలు తమ వ్యవస్థాపక దినమైన సెప్టెంబరు 26 ప్రాంతంలో, ఫిబ్రవరి 28న వచ్చే జాతీయ విజ్ఞాన దినోత్సవం ప్రాంతంలో విద్యార్థులను, టీచర్లను లోపలికి ఆహ్వానించే కార్యక్రమాలు పెడుతుంటాయి. పిల్లలను తీసుకువెళ్లినప్పుడు ఆ వరుసల్లో మీ పక్కన నిలబడినవారంతా ఇతర పాఠశాలల సైన్స్ టీచర్లే. తార్నాకలోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వారి దగ్గర పిల్లల పుస్తకాలతోపాటు విజ్ఞానశాస్త్ర కృత్యాల పుస్తకాలు దొరుకుతాయి, అక్కడికి వచ్చేవారిలో టీచర్లు చాలామంది ఉంటారు. ప్రజల్లో విజ్ఞానశాస్త్రాన్ని ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక 1988 నుంచి పనిచేస్తోంది, బడి పిల్లలకు వారు పెట్టే చెకుముకి సైన్స్ పరీక్షల నిర్వహణలో టీచర్ల సహాయం ఎప్పుడూ అవసరమే. కూకట్‌పల్లి నుంచి తార్నాక, హబ్సిగూడలకు మెట్రోలో అమీర్‌పేటలో ఒక్కసారి మారితే చాలు కాబట్టి రెండో శనివారం మీకు సెలవైతే సగం రోజులో వెళ్లి రావచ్చు. సాయంత్రం బడి వదిలాక బస్సులో వెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, అలసటకు ఆ ఉత్సాహం నెల తిరిగేలోగా పోతుంది.

అయితే నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది సైన్స్ ఫెయిర్. పిల్లల కొత్త ఆలోచనలను నమూనాలుగా చేయించే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్–మనక్ పథకంలో గుర్తింపు ఉన్న ప్రైవేటు పాఠశాలలు కూడా పిల్లల ఆలోచనలను పంపవచ్చు. పాఠశాలకు అయిదు నామినేషన్ల వరకు అవకాశం ఉంటుంది, ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి 10,000 రూపాయలు వస్తాయి. ఎంపికైతే జిల్లా ప్రదర్శనకు గైడ్ టీచరుగా మీరు వెళతారు. అక్కడ న్యాయనిర్ణేతలు పిల్లలతోనే మాట్లాడతారు కాబట్టి గైడ్ టీచర్లకు ఉదయం నుంచి సాయంత్రం దాకా దాదాపు పని ఉండదు. పక్క స్టాలు టీచరును, "ఈ ఆలోచన పిల్లవాడిదేనా, మీరెంతవరకు సాయం చేశారు?" అని అడిగితే చాలు, గంట సంభాషణ నడుస్తుంది. నా దగ్గరి వృత్తి స్నేహితుల్లో ఇద్దరు అలా కలిసినవారే. వారిలో ఒకరు శేరిలింగంపల్లి వైపు ప్రైవేటు పాఠశాలలో, మరొకరు జిల్లా పరిషత్ పాఠశాలలో పనిచేస్తారు. మామూలుగా అయితే ఆ ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సందర్భమే ఉండదు, ప్రభుత్వ టీచర్లు, ప్రైవేటు టీచర్లు అన్న గోడ మన నగరంలో అంత గట్టిగా ఉంది. ఆ గోడ వల్ల నష్టపోతున్నది పిల్లలే అని నా గట్టి నమ్మకం.

ఈ గోడ గురించి ఇంకొక మాట. ప్రభుత్వ టీచర్లకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉంటాయి. చుట్టుపక్కల పాఠశాలల టీచర్లు సబ్జెక్టువారీగా కూర్చుని మాట్లాడుకోవాలన్న ఈ ఆలోచన 1964–66 నాటి విద్యా కమిషన్ (కొఠారి కమిషన్) చెప్పినది, 2020 జాతీయ విద్యా విధానం కూడా దానిని మళ్లీ ముందుకు తెచ్చింది. మీ పాఠశాల సీబీఎస్ఈది అయితే సహోదయ పాఠశాలల సముదాయం ద్వారా ఇలాంటి సమావేశాలు జరుగుతాయి. రాష్ట్ర సిలబస్ ప్రైవేటు పాఠశాలల్లో పనిచేసేవారికి ఇలాంటి ఏర్పాటు చాలా తక్కువ, అందుకే మీరు స్వయంగా వెతుక్కోవలసి వస్తోంది. మీ పాఠశాలకు దగ్గరలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో అక్కడి జీవశాస్త్రం టీచరును కలవడానికి సంకోచించకండి. ఒక నమూనానో, చార్టునో చూసి పోవడానికి వచ్చానని చెబితే, కాదనేవారు అరుదు.

కాలనీలోని విశ్రాంత ఉపాధ్యాయులను కూడా మరిచిపోవద్దు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలాంటి చోట్ల ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినవారు ఎంతోమంది ఉన్నారు. వారిని పాఠం గురించి అడిగేవారే లేరు. కొత్త పాఠ్యపుస్తకం వారికి తెలియకపోవచ్చు, తరగతిని నిశ్శబ్దంగా ఉంచకుండానే అదుపులో ఉంచడం మాత్రం బాగా తెలుసు.

పదో తరగతి చెప్పే స్థాయికి వచ్చాక మూల్యాంకన కేంద్రంలో డ్యూటీ అవకాశం వస్తే వదులుకోవద్దు. ఒక బల్ల చుట్టూ వేర్వేరు పాఠశాలలవారు కూర్చుని, ఒకే ప్రశ్నకు పిల్లలు రాసిన వందలాది జవాబులు దిద్దుతారు. రక్తప్రసరణ బొమ్మలో ఏ భాగం దగ్గర అందరూ తప్పు పోతున్నారో, ఏ పదాన్ని కంఠస్థం చేసి అర్థం తెలియక రాస్తున్నారో అక్కడ కళ్లకు కడుతుంది. టీ విరామంలో జరిగే చర్చ ఏ శిక్షణ తరగతికీ తీసిపోదు.

ఇలా ఏడాదికి ఒకసారో రెండుసార్లో కలిసేవారితో ఏం ప్రయోజనం అని మీకు అనిపించవచ్చు. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఒక పరిశోధన ప్రచురించారు. పరిచయస్తుల ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించుకున్నవారిని, ఆ సమాచారం ఇచ్చిన వ్యక్తిని ఎంత తరచుగా కలిసేవారని ఆయన అడిగారు. తరచుగా కలిసేవారమన్నది 16.7 శాతమే; అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం. రోజూ కలిసేవారికి తెలిసినదే మనకూ తెలిసి ఉంటుంది, దూరపు పరిచయస్తులే మనకు తెలియని సంగతి మోసుకువస్తారు. అది అమెరికా ఉద్యోగులమీద చేసిన చిన్న అధ్యయనమే అయినా, మన నగరంలో ప్రైవేటు టీచర్లు పాఠశాల మారే తీరు చూస్తే నాకు అది నిజమే అనిపిస్తుంది. ఫలానా చోట జీవశాస్త్రం టీచరు కావాలట, వెళ్లి డెమో ఇవ్వండి అనే కబురు ఎక్కువగా ఇలాంటివారి నుంచే వస్తుంది.

ఇప్పుడు ఆన్‌లైన్ సంగతి.

వాట్సాప్ గ్రూపులు రెండు రకాలని గుర్తుంచుకోండి. ఒకటి సర్వీసు విషయాల గ్రూపు: పీఆర్సీ (వేతన సవరణ), డీఏ (కరువు భత్యం), బదిలీలు, జీవోల కాపీలు. ఉపాధ్యాయ సంఘాలు నడిపేవి ఎక్కువగా ఇవే. ప్రభుత్వ టీచర్లకు ఇవి అవసరం, మీకు ప్రస్తుతం అంతగా పనికిరావు. రెండోది సబ్జెక్టు గ్రూపు. పెద్ద సబ్జెక్టు గ్రూపుల్లో పగలంతా పండుగ శుభాకాంక్షలు, ఫార్వర్డులు వస్తుంటాయి. మీ ప్రశ్న అరగంటలో పైకి వెళ్లిపోతుంది. ఒకటి రెండింటిలో ఉండండి, చదవండి, మంచి జవాబులు ఇచ్చేవారెవరో గమనించండి. వారికి విడిగా, మర్యాదగా, ఎవరి ద్వారా తెలిసిందో చెబుతూ సందేశం పెట్టండి. అనుమతి లేకుండా ఫోన్ చేయవద్దు, రాత్రి తొమ్మిది దాటాక సందేశం వద్దు.

నేరుగా కలిసిన నలుగురైదుగురితో ఒక చిన్న గ్రూపు పెట్టుకోవడం వీటన్నిటికంటే మేలు. మేము అలా పెట్టుకున్నప్పుడు ఒకే నియమం అనుకున్నాం: వారానికి ఒకరు, తమ తరగతిలో పిల్లలకు అర్థంకాని ఒక్క విషయం రాయాలి, మిగిలినవారు తాము చేసి చూసినదే చెప్పాలి, ఫార్వర్డులు పెట్టకూడదు. పిల్లలు "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి" అని రాయడాన్ని ఎలా మాన్పించాలన్న చర్చ అందులో చాలా వారాలు సాగింది. మొక్కలో శ్వాసక్రియ పగలూ రాత్రీ ఆగదని చెప్పడం తేలిక, పిల్లలు దానిని నమ్మేలా చేయడం కష్టం. మొలకెత్తుతున్న శనగలను మూతబిగించిన సీసాలో పెట్టి, వాటి శ్వాసక్రియలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌కు సున్నపుతేట పాలవలె తెల్లబడడం పట్టపగలు చూపించిన తరువాత తన తరగతిలో ఆ తప్పు బాగా తగ్గిందని ఒకరు రాశారు. మేమంతా అదే చేశాం.

లింక్డ్‌ఇన్ ఖాతా తెరవండి, కాని దానిమీద ఎక్కువ సమయం పెట్టకండి. అంతర్జాతీయ పాఠశాలలకు మారాలనుకునేవారికి, పాఠ్యాంశాలు తయారుచేసే సంస్థల్లో పని చూసేవారికి అది ఉపయోగపడుతుంది. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లలోని మామూలు పాఠశాలల యాజమాన్యాలు అక్కడ వెతకవు. చదువు, సబ్జెక్టు, చెప్పే తరగతులు, చేయించిన ఒకటి రెండు ప్రాజెక్టులు రాసి ఉంచితే సరిపోతుంది. టీచర్ల కోసం ప్రభుత్వం నడిపే దీక్షా ఆన్‌లైన్ వేదికలోని కోర్సులు మంచివే. జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది కాబట్టి వాటి ధ్రువపత్రాలు దాచుకోండి. కోర్సు చేసినంత మాత్రాన మనుషులు పరిచయం కారు, కోర్సులో నచ్చిన కృత్యం గురించి ఎవరితోనైనా మాట్లాడితేనే పరిచయం ఏర్పడుతుంది.

పిల్లల ఫొటోలు, పేర్లు, మార్కులు, జవాబు పత్రాలు ఏ గ్రూపులోనూ పెట్టకండి. ఒక గ్రూపులో ఒక పిల్లవాడి జవాబు పత్రాన్ని పేరుతో సహా, నవ్వుకోవడానికి పెట్టారు. తిరిగి తిరిగి అది ఆ పిల్లవాడి తల్లి ఫోన్‌కే చేరింది. ఆ బిడ్డ చాలా రోజులు బడికి రాలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి అవసరమంటోంది, అయితే చట్టం లేకపోయినా ఇది మన బాధ్యతే. తప్పును చర్చించాలంటే ఆ వాక్యాన్ని మీ చేతిరాతతో రాసి పెట్టండి. మీ పాఠశాల ప్రశ్నపత్రాలను కూడా పరీక్ష అయ్యేవరకు, అయ్యాక యాజమాన్యం అనుమతి లేకుండా, బయట పంచుకోకండి. రేపు మీరు ప్రభుత్వ ఉద్యోగంలోకి వస్తే 1964 నాటి ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది, అప్పుడు బహిరంగంగా రాసేదాని విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

చివరగా మీరు అడగకపోయినా చెప్పవలసింది ఒకటుంది. టీచరు బయటివారిని కలుస్తున్నారంటే ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నారని కొన్ని యాజమాన్యాలు అనుమానిస్తాయి. అందుకని ఏ కార్యక్రమానికి వెళ్లినా ముందుగా ప్రిన్సిపాల్‌కు చెప్పి వెళ్లండి, తిరిగి వచ్చాక అక్కడ నేర్చుకున్న ఒక కృత్యాన్ని సైన్స్ టీచర్లందరికీ పావుగంటలో చేసి చూపిస్తానని అడగండి. ఒకసారి అది చూశాక రెండోసారి అనుమతి ఇవ్వడానికి సాధారణంగా ఎవరూ వెనకాడరు. అయినా ఒప్పుకోకపోతే వాదించకండి. సెలవు రోజున మీ సొంత సమయంలో వెళ్లండి, పాఠశాల పేరు వాడకండి, అక్కడ మీ పాఠశాల లోపాలు మాట్లాడకండి. ఇన్‌స్పైర్ నామినేషన్ల గడువు ఏటా మారుతుంది కాబట్టి, ఆ సంగతి మాత్రం ఈ వారంలోనే మీ ప్రిన్సిపాల్‌ను అడిగి తెలుసుకోండి.